ఒక కన్ను మూసి చూడమన్నాను
ఎనిమిదో తరగతిలో ఘనాలు (పాచికల్లాంటి దిమ్మెలు) పేర్చిన కట్టడాల ముందు చూపు (ఎదురుగా చూస్తే కనిపించే ఆకారం), పక్క చూపు గీయమంటే సగం మంది పైభాగం, పక్కలు కూడా కనిపించే ఏటవాలు బొమ్మే గీసేవారు. బోర్డు మీద ఎంత చెప్పినా అంతే. తప్పు నాదేనని ఆలస్యంగా తెలిసింది: బెంచీ మీది ఘనాలను వాళ్లు నిలబడి పైనుంచి చూస్తున్నారు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి, కళ్లు బెంచీ ఎత్తుకు దించి, ఒక కన్ను మూయించాను. "టీచర్, మెట్లు పోయి గోడైపోయింది!" అంది ఒకమ్మాయి.

తర్వాత తిప్పి అడిగాను: ముందు, పక్క, పై నుంచి 2×2 చతురస్రమే కనిపించేలా కట్టండి. మిగతా వాళ్లంతా 8 ఘనాలు పేర్చారు. ఆ అమ్మాయికి 6 సరిపోయాయి: ఐమూలగా ఎదురెదురు మూలల్లో రెండేసి, మిగతా రెండింట్లో ఒక్కొక్కటి. నేనూ వంగి చూసుకోవాల్సి వచ్చింది. చూపులు మూడూ ఒకటే అయినా ఘనాల లెక్క మారొచ్చు కాబట్టి, ఇప్పుడు పై చూపు గడుల్లో ఎత్తు అంకె (ఆ గడిలో ఎన్ని ఘనాలున్నాయో) వేయనిదే నోట్సు దిద్దను.