స్పార్క్ ప్లగ్, కాయిల్ విప్పే ముందు

ఇంజిన్ చల్లారిందా? వేడి మీద ప్లగ్ తిప్పితే అల్యూమినియం హెడ్‌లో (ప్లగ్ బిగించే ఇంజిన్ పైభాగంలో) మరలు పాడైపోతాయి, ఆ ఖర్చు మామూలుగా ఉండదు.

తాళం చెవి తీసి జేబులో వేసుకుని, ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. ప్లస్‌తో మొదలుపెడితే స్పానర్ పొరపాటున బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఉంగరం, వాచీ కూడా తీసేయండి. అలా తగిలి నా ఉంగరం మీద పడిన నల్లమచ్చ ఇంకా పోలేదు.

బ్యాటరీ 12 వోల్టులే కదా అనుకోవద్దు, కాయిల్ దాన్ని 20,000 వోల్టులు దాటిస్తుంది. ఇంజిన్ తిరుగుతుండగానే ప్లగ్ వైరు చేత్తో పీకే మెకానిక్‌లను చూసి మీరు అలా చేయకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే ఈ పని వేరేవాళ్లకు అప్పగించడమే మంచిది.

ప్లగ్ గుంతలో దుమ్ము ఊదాకే విప్పండి, లేదంటే అదంతా సిలిండర్‌లో పడుతుంది.

పెట్రోల్ వాసన వస్తోందా? స్పార్క్ టెస్ట్ (ప్లగ్‌లో నిప్పురవ్వ వస్తోందో లేదో చూడటం) ఆపేయండి, ముందు లీకు వెతకండి.