సబ్‌స్టాన్షియా నైగ్రా స్లైడు చదవడం – 4వ పాఠం: మెలనిన్ ఏది, స్టెయిన్ ఏది?

సబ్‌స్టాన్షియా నైగ్రా అంటే మిడ్‌బ్రెయిన్‌లో మెలనిన్ వల్ల నల్లగా కనిపించే భాగం. పార్కిన్సన్స్ జబ్బులో దాని న్యూరాన్లలో ఏర్పడే లూయీ బాడీలనే ఉండలను గుర్తించడం ఈ పాఠం పని. పోయిన పాఠంలో మిడ్‌బ్రెయిన్‌ను మూడో కపాలనాడి బయటికొచ్చే మట్టంలో అడ్డంగా కోసి, 5 మైక్రాన్ల సెక్షన్లు తీశాం. అవి మామూలు స్లైడ్ల మీద ఎక్కించి ఉంటే ఈ పాఠం మొదలుపెట్టకండి. ఫార్మిక్ యాసిడ్ తగలగానే సెక్షన్ లేచి తేలిపోతుంది. ఛార్జ్‌డ్ స్లైడ్లు (సెక్షన్‌ను గట్టిగా పట్టుకునేవి) కావాలి.

ముందు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఈయోసిన్ అనే మామూలు రంగులు వేసిన) స్లైడు చూడండి. తక్కువ పవర్‌లో నైగ్రా కింది-బయటి వైపుకు, అంటే వెంట్రోలేటరల్ భాగానికి వెళ్ళండి. పార్కిన్సన్స్‌లో ఎక్కువ దెబ్బ తినేది అదే. అక్కడ న్యూరాన్లు పలచబడి, వాటి మెలనిన్ పొడి బయట చిందరవందరగానో మాక్రోఫేజ్‌ల (చెత్తను మింగే కణాల) లోపలో కనబడుతుంది. మిగిలిన న్యూరాన్లను 40ఎక్స్‌లో ఒక్కొక్కటే వెతకండి. మెలనిన్‌ను పక్కకు నెట్టేసి కూర్చున్న గులాబీ రంగు ఉండ, చుట్టూ పాలిపోయిన వలయం కనిపిస్తే అది లూయీ బాడీ. పరిమాణానికి పక్క రక్తనాళంలోని ఎర్రకణాన్ని కొలబద్దగా వాడుకోండి. అది దాదాపు 7 మైక్రాన్లు. లూయీ బాడీ సాధారణంగా అంతకంటే పెద్దదే. ఉండ న్యూక్లియస్ లోపల ఉంటే మాత్రం తొందరపడకండి. అది మరినెస్కో బాడీ, వయసు మళ్ళిన మెదడులో మామూలే. దానికి సైన్యూక్లిన్ (లూయీ బాడీలో ముద్దకట్టే ప్రోటీన్) స్టెయిన్ పట్టదు.

(ఫ్రెడరిక్ లూయీ 1912లో వీటిని వర్ణించింది నైగ్రాలో కాదు. నైగ్రాలో చూసి 1919లో ఆయన పేరు పెట్టింది ట్రెటియాకాఫ్. లోపల ఉన్నది ఆల్ఫా-సైన్యూక్లిన్ అని తేలడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది.)

ఇక స్టెయిన్. డీపరఫినైజ్ చేశాక (మైనం తీసేశాక) 80 శాతం ఫార్మిక్ యాసిడ్‌లో 5 నిమిషాలు ఉంచండి, అదీ ఫ్యూమ్ హుడ్‌లోనే. ముద్దకట్టిన ప్రోటీన్‌లో దాగిన ఎపిటోప్‌లు (యాంటీబాడీ అతుక్కునే చోట్లు) దీంతో బయటపడతాయి. బాగా కడిగి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు. తర్వాత యాంటీబాడీ, డైల్యూషన్ దాని డేటాషీట్ ప్రకారం. సెరీన్ 129 (సైన్యూక్లిన్‌లో 129వ స్థానంలోని అమైనో ఆమ్లం) దగ్గర ఫాస్ఫేట్ చేరిన రూపాన్ని పట్టే యాంటీబాడీ దొరికితే అదే వాడండి. మామూలు సైన్యూక్లిన్ సైనాప్స్‌లలో ఉంటుంది కాబట్టి సాధారణ యాంటీబాడీ నేపథ్యమంతా దుమ్ము పట్టినట్టు రంగేస్తుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ల్యాబ్‌లో చేతికందే క్రోమోజెన్ (యాంటీబాడీ పట్టిన చోట రంగు తేల్చే రసాయనం) డీఏబీ, దాని రంగు గోధుమ. న్యూరోమెలనిన్ రంగూ గోధుమే! నైగ్రాలో డీఏబీ వాడి, ప్రతి న్యూరాన్ పాజిటివ్ అని రాసేయడం చాలా సులువు. ఏఈసీ లాంటి ఎర్ర క్రోమోజెన్ వాడితే ఈ గొడవ తప్పుతుంది. అయితే ఏఈసీ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అలవాటు కొద్దీ ఆల్కహాల్, జైలీన్ మెట్లెక్కించి డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే రెసిన్ మౌంటెంట్) వేశారో, చేసిన పనంతా బీకర్లో ఉంటుంది. నీటి ఆధారిత మౌంటెంట్ వేయండి.

ఏ క్రోమోజెన్ వాడినా పక్క సెక్షన్‌కు ప్రైమరీ యాంటీబాడీ (సైన్యూక్లిన్‌ను పట్టేది) వేయకుండా మిగతా అంతా చేయండి. అందులోనూ గోధుమగా ఉన్నది మెలనిన్.

కౌంటర్‌స్టెయిన్‌కు (న్యూక్లియస్‌లు కనబడేందుకు వేసే రెండో రంగుకు) మేయర్ హెమటాక్సిలిన్, లేతగా. ఆర్‌ఓ నీళ్ళలో కడిగితే అది సరిగ్గా నీలం తిరగదు, ఎర్రఛాయ మిగిలి ఏఈసీతో కలిసిపోతుంది. బోరు నీళ్ళను హైదరాబాద్‌లో ఎంత తిట్టుకున్నా, ఈ పనికి మాత్రం అవే మేలు. వాటి క్షారగుణం వల్ల నీలం త్వరగా తిరుగుతుంది.

ఇక్కడి మే నెలలో రెండు జాగ్రత్తలు. తడి పెట్టె లేకుండా ఇంక్యుబేట్ చేస్తే యాంటీబాడీ అంచుల్లో ఎండిపోయి అక్కడ ఉత్త రంగు పట్టుకుంటుంది. అంచులో కనిపించే పాజిటివ్‌ను లెక్కలోకి తీసుకోకండి. వేడికి క్రోమోజెన్ కూడా వేగంగా ముదురుతుంది కాబట్టి గడియారం కాదు, మైక్రోస్కోప్ చూసి ఆపండి.

వచ్చే పాఠానికి: ఈ స్లైడులో ఉండలు కాక సన్నటి ఎర్ర దారాలు, పూసలు ఎన్ని ఉన్నాయో పది ఫీల్డుల్లో లెక్కపెట్టి ఉంచండి. అవి లూయీ న్యూరైట్లు (న్యూరాన్ల పోగుల్లో చేరిన అదే ప్రోటీన్), హెచ్ అండ్ ఈలో సాధారణంగా దొరకవు. వాటితోనే మెడుల్లాలోని వేగస్ కేంద్రకం మొదలుపెడదాం.