మనిషి ఉన్నట్టుండి కుప్పకూలితే సీపీఆర్ ఎలా చేయాలి?

చాలా ఏళ్లుగా సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీని నొక్కి రక్తం ఆడేలా చేయడం, నేర్పిస్తున్నాను. శిక్షణకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు తమ ఇంట్లో జరిగింది చెబుతారు. నీళ్లు చల్లారు, అరికాళ్లు రుద్దారు, నాలుక కింద సార్బిట్రేట్ అనే గుండెనొప్పి మాత్ర పెట్టారు, కారులో వేసుకుని పరిగెత్తారు. ఛాతీ మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు. గుండె ఆగాక నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి రెండు చేతులు, ఒక ఫోన్, గట్టి నేల.

భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిని వేలితో చూపించి "మీరు 108కి చేయండి" అనండి. అందరికీ కలిపి చెబితే ఎవరూ చేయరు. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టుకోండి.

ఊపిరి ఆడుతోందా అని పది సెకన్లలోపు చూడండి. నోరు తెరిచి గురకలా, ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు. "బతికే ఉన్నాడు" అనుకుని ఆగిపోయేది ఇక్కడే. నాడి కోసం వెతకొద్దు, టెన్షన్‌లో మీ నాడే మీకు తెలుస్తుంది.

ఇక అసలు పని, నొక్కడం. మంచం మీద ఉంటే కిందికి దించండి, పరుపు మీద నొక్కితే పరుపే కుంగుతుంది. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక దిగువ సగం మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించండి. రెండో చెయ్యి దాని మీద. మోచేతులు వంచకూడదు. చేతుల బలంతో కాదు, ఒంటి బరువుతో నొక్కాలి. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు.

ఎక్కువమంది తప్పు చేసేది వదలడంలో. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. చేతిపంపు హ్యాండిల్ సగంలోనే మళ్లీ కొడితే నీళ్లు సరిగా పడవు కదా, ఇదీ అంతే. వదిలినప్పుడే గుండెలోకి రక్తం చేరుతుంది. చెయ్యి మాత్రం ఎత్తేయకండి.

పక్కటెముక పటుక్కుమన్నా ఆపొద్దు. ఎముక తర్వాత అతుక్కుంటుంది.

పాటల లయ మీద నొక్కమని కొందరు చెబుతారు. వద్దు, కంగారులో పాట వేగం మారిపోతుంది. పైకి లెక్కపెట్టండి, అదీ పది వరకే, మళ్లీ ఒకటి నుంచి. "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" అంటూ పోతే మాట పొడవై చేయి నెమ్మదిస్తుంది. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. బలవంతులు కూడా అలిసిపోయి పైపైన నొక్కుతారు, అది వాళ్లకు తెలియదు.

నోట్లో నోరు పెట్టి ఊదడం రాకపోతే పెద్దవాళ్లకు నొక్కడమే చాలు. పిల్లలకు, నీళ్లలో మునిగినవాళ్లకు మాత్రం ఊపిరి ముఖ్యం, 30 సార్లు నొక్కి రెండుసార్లు ఊదాలి.

విమానాశ్రయాల వంటి చోట్ల ఏఈడీ అనే షాక్ పెట్టె ఉంటుంది. ఆన్ చేస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు, ఇచ్చిన వెంటనే మళ్లీ నొక్కాలి.

ఊపిరి మామూలుగా ఆడితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108 వచ్చేదాకా కళ్లు తిప్పకుండా ఛాతీనే చూడండి. మళ్లీ ఆగితే మళ్లీ మొదలుపెట్టాలి.