చిన్నపిల్లలతో మ్యూజియం: ధవళేశ్వరం, రాజమండ్రి వెళ్ళేవాళ్ళకి

మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తే చాలామందికి జరిగేది ఒకటే. పెద్దవాళ్ళు మొదటి అద్దాల బీరువా దగ్గర బోర్డు చదువుతూ ఉంటారు. పిల్లలు అప్పటికే చివరి గదిలో పరుగెడుతుంటారు. ఇరవై నిమిషాల్లో అందరూ బయట ఐస్‌క్రీం బండి దగ్గర తేలతారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం (గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు మీదిది) గానీ, రాజమండ్రి గోదావరి గట్టు దగ్గరున్న రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం గానీ పెద్దవాళ్ళ కంటి ఎత్తుకి, పెద్దవాళ్ళ ఓపికకి సరిపోయేలా అమర్చినవి. వాటిని పిల్లలకి పనికొచ్చేలా చేసుకోవాల్సింది మనమే.

దానికి పాటించాల్సిన పద్ధతి ఒక్కటే. లోపల చూపించే ప్రతి వస్తువుకీ జంటగా, పిల్లల చేతికి ముందే అలవాటైన వస్తువు ఒకటి ఉండాలి. తాళపత్రానికి తాటాకు, పాత నాణేనికి రూపాయి బిళ్ళ, బ్యారేజీ నమూనాకి చేను గట్టు మీద తూము. జంట దొరకని వస్తువుని మొహమాటం లేకుండా వదిలేయండి. ఒక పూటకి ఐదు వస్తువులు చాలు. మూడు, నాలుగేళ్ళ పిల్లలకైతే మూడే.

ఏది, ఎప్పుడు

రెండు మ్యూజియంల మధ్య దూరం పది కిలోమీటర్ల లోపే. కాబట్టి రెండూ ఒకే రోజు చుట్టేద్దామనిపిస్తుంది. ఆరేళ్ళు దాటినవాళ్ళయితే సరే. ఐదేళ్ళ లోపు పిల్లలుంటే ఒక్కటే పెట్టుకోండి, అదీ ధవళేశ్వరమే. అక్కడ నమూనా చూసిన కాసేపటికే అసలు బ్యారేజీ దగ్గర నిలబడొచ్చు. చిన్నపిల్లలకి దానికి మించిన వివరణ లేదు.

రాళ్ళబండి మ్యూజియం 1967లో పెట్టింది. నాణేలు, మట్టి పాత్రలు, శిల్పాలు, శాసనాలు, తాళపత్రాలు ఉంటాయి. శుక్రవారం, ప్రభుత్వ సెలవు రోజుల్లో మూసేస్తారు. పండగ సెలవు చూసుకుని బయల్దేరి తాళం చూసి వెనక్కొచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. ఎక్కడికెళ్ళినా ముందురోజు వేళలు కనుక్కుని వెళ్ళండి. టికెట్ ఖరీదు పెద్దగా ఉండదు గానీ చిల్లర మాత్రం దగ్గరుంచుకోండి.

నెలల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి బాగుంటుంది. వేసవి సెలవుల్లో రెండు ఇబ్బందులు. ఒకటి ఎండ. రెండోది, ఏప్రిల్, మే నెలల్లో సాధారణంగా కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, లాకుల (కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల) దగ్గర చూడ్డానికి బురద తప్ప ఏమీ ఉండదు. వానాకాలంలో గోదావరి నిండుగా ఉంటుంది, చూడ్డానికి అదే అందం. కానీ వరద హెచ్చరిక ఉన్న రోజు పిల్లలతో బ్యారేజీ వైపు పోకండి.

అమలాపురం, కొత్తపేట వైపు నుంచి సొంత బండిలో వచ్చేవాళ్ళు రావులపాలెం దగ్గర హైవే వదిలి ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా వస్తే దారిలోనే లొల్ల లాకులు తగుల్తాయి. అక్కడ పది నిమిషాలు ఆగండి. తలుపు దించితే నీళ్ళు ఎలా ఆగుతాయో, ఎత్తితే ఎలా దూకుతాయో కళ్ళారా చూసిన పిల్లలకి కాటన్ మ్యూజియంలో సగం పాఠం అయిపోయినట్టే. భీమవరం, తణుకు, నిడదవోలు వాళ్ళకి రైలు సుఖం. కొవ్వూరు దాటాక వంతెన మీద కిటికీ పక్కన కూర్చోబెట్టండి. గోదావరి స్టేషన్‌లో ఆగే బండి అయితే అక్కడే దిగితే రాళ్ళబండి మ్యూజియం ఆటోలో దగ్గర. ఎలా వచ్చినా పదిన్నర, పదకొండు గంటలకల్లా లోపల ఉండేలా చూసుకోండి. భోజనం తర్వాత వెళ్తే పిల్లల కళ్ళు మూతలు పడతాయి, మారాం మొదలవుతుంది.

వారం ముందు ఇంట్లో చేయాల్సింది

రెండు పనులు. ఒకటి ఐదు నిమిషాల్లో అయ్యేది. రూపాయి, ఐదు రూపాయల బిళ్ళల మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ని పక్కకి వాల్చి మెల్లగా రుద్దించండి. బొమ్మ, అంకె తేలతాయి. రుద్దిన కాగితాన్ని మ్యూజియానికి తీసుకెళ్ళండి. పాత నాణేల బీరువా దగ్గర, "దీని మీద ఏ బొమ్మ ఉంది? మన బిళ్ళ మీద ఏముంది?" అని అడగడానికి అదే ఆధారం.

రెండోదానికి కాస్త ఓపిక కావాలి, కానీ ఫలితం దానిదే ఎక్కువ. మన దగ్గర తాటాకుకి కరువు లేదు గదా, ఒక తాళపత్రం చేయించండి. మరీ లేతది, మరీ ముదురుది కాని ఆకు తీసుకుని ఈనె తీసేసి, రెండంగుళాల వెడల్పు, అడుగు పొడవు ముక్కలు కోయండి. కత్తి పని పెద్దవాళ్ళదే. చెంచా పసుపు కలిపిన నీళ్ళలో అరగంట ఉడకబెట్టి, నీడలో ఆరనిచ్చి, బరువైన పుస్తకాల కింద రెండు రోజులు అణచి ఉంచండి. సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఘంటంలా (తాటాకు మీద రాసే ఇనప ములుకులా) పట్టుకుని పిల్లలు తమ పేరులో మొదటి అక్షరం గీయాలి. తర్వాత దీపం మీద స్టీలు పళ్ళెం బోర్లించి పట్టిన మసిలో నాలుగు చుక్కల కొబ్బరినూనె కలిపి, గుడ్డతో ఆకంతా పులిమి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది, అప్పటిదాకా కనిపించని అక్షరం తేలుతుంది.

ఇది చెడిపోయేది రెండు చోట్ల. ఆకు సరిగ్గా ఆరకపోతే పైపొర చిట్లి మసి అంతటా అంటుకుపోతుంది. పెన్నుని గట్టిగా నొక్కితే, అందులోనూ ఆకు పొడవునా అడ్డగీత గీస్తే, నార వెంబడి ఆకు చీలిపోతుంది. ఒక ముక్క కావాలనే చీలనివ్వండి. అదే ముక్క మీద గుండ్రంగా "ఠ" రాయించండి, చీలదు. మ్యూజియంలో తాళపత్రం ముందు నిలబడ్డప్పుడు, "ఇన్ని గీతలు గీసినా ఇది ఎందుకు చీలలేదు?" అని పిల్లలే అడుగుతారు.

లోపలికి అడుగుపెట్టే ముందు

మూత్రానికి తీసుకెళ్ళడం టికెట్ కొనే ముందే అయిపోవాలి. లోపల సదుపాయం ఉన్నా, మధ్యలో బయటికి వచ్చిన పిల్లలు మళ్ళీ లోపలికి రారు. సంచిలో ఒక జత బట్టలు, మంచినీళ్ళు, తడిగుడ్డ, పెన్సిళ్ళు, అట్ట. స్కెచ్ పెన్నులు వద్దు, ఒక్క సిరా మరక పడితే వెయ్యేళ్ళ రాయి మీద నుంచి పోదు. ఫొటోలు తీయొచ్చో లేదో అడిగి తెలుసుకోండి. అనుమతి ఉన్నా ఫ్లాష్ ఆపేయండి.

తాతయ్యనో, అమ్మమ్మనో వెంట తీసుకెళ్ళండి. కాలువల్లో పడవలు నడిచిన రోజులు, గోదావరి మీద లాంచీలు తిరిగిన రోజులు చూసినవాళ్ళు పక్కనుంటే ఏ బోర్డూ చదవక్కర్లేదు. ఐదేళ్ళ లోపు ఇద్దరు పిల్లలకి ఒక పెద్దమనిషి ఉండాలి. నలుగురైదుగురిని ఒక్కళ్ళే పట్టుకెళ్తే చివరికి కాపలా తప్ప ఏమీ చేయలేరు.

లోపల

ముందు మీరు పిల్లల పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి. వాళ్ళకి బీరువా చెక్క తప్ప నాణేలు కనపడవని అప్పుడే తెలుస్తుంది. ప్రతి బీరువా దగ్గరా ఎత్తుకుంటే పది నిమిషాల్లో మీ నడుం పోతుంది. ఎంచుకున్న ఐదింటి దగ్గరే ఎత్తుకోండి. అద్దం మీద వెలుగు పడి కనపడకపోతే ఎదురుగా కాకుండా ఓ పక్కకి జరగండి.

"ముట్టుకోవద్దు" అని పదిసార్లు అనడం కంటే, లోపల ఉన్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకోమనండి. బడిలో అలవాటే. ఎందుకని అడిగితే నిజం చెప్పండి: చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, జిడ్డు ఉంటుంది, రోజుకి వందమంది తడిమితే రాయి నల్లబడుతుంది, లోహం తుప్పు పడుతుంది. దేవుడి విగ్రహం కనపడగానే దండం పెడితే పెట్టనివ్వండి. పసుపు, కుంకుమ మాత్రం వద్దు, నూనె, రంగు రాతి సందుల్లోకి దిగిపోతాయి.

ముక్కు విరిగిన శిల్పం దగ్గర ప్రతి పిల్లా అడిగేది ఒకటే: "ఎవరు విరగ్గొట్టారు?" కోపం తెప్పించే కథలు అల్లకండి. విగ్రహం పడిపోతే ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, చేతివేళ్ళే మొదట పోతాయి. కొన్ని మనుషులు కొట్టినవీ ఉంటాయి. అంత చెప్తే చాలు. తర్వాత విరిగిన చెయ్యి ఎలా ఉండేదో పెన్సిల్‌తో గీయమనండి. ఆరేళ్ళ పిల్లలు దీనికి పావుగంట కూర్చుంటారు.

ఏ శతాబ్దమని అడగొద్దు. "ఇది ఎవరి చేతిలో ఉండేది? ఇందులో ఏం వండేవాళ్ళు?" అని అడగండి. నలభై ఐదు నిమిషాలు దాటగానే, ఇంకా ఉంటామన్నా సరే, బయటికి రండి.

ధవళేశ్వరంలో

డెల్టాలో ఊరూరా గుర్రమెక్కిన కాటన్ దొర విగ్రహాలుంటాయి, పిల్లలకి మొహం తెలిసే ఉంటుంది. లోపలికి వెళ్ళాక "ఆ గుర్రం దొర ఏం చేశాడు?" అన్న ఒక్క ప్రశ్న పట్టుకోండి. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ దాని తర్వాత కట్టింది, 1982లో పూర్తయింది. ఈ తేడా చాలామంది పెద్దవాళ్ళకే తెలీదు. మొత్తం తలుపులు 175: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. లెక్కపెట్టమంటే పిల్లలు ధవళేశ్వరం వైపే ముప్పై దాకా వెళ్ళి లెక్క తప్పుతారు. పదేసి చొప్పున వేలు మడవమనండి.

వరద హెచ్చరికలు ఇంట్లో విన్నవే కాబట్టి వాటిని వాడుకోండి. నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇది కొలబద్ద మీది అంకె, నది లోతు కాదు. మొదటి హెచ్చరిక నాటికి దిగువకి పోయే నీరు పది లక్షల క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్లు, స్నానాల గదిలో రెండు బకెట్లు. "ఒకటి" అనేలోపు ఇరవై లక్షల బకెట్లు పోతాయన్నమాట. ఈ లెక్క చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడరు.

బ్యారేజీ మీద పిల్లల చెయ్యి వదలొద్దు. బండ్లు పక్కనుంచే పోతుంటాయి. పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఫొటో తీయడం అస్సలు వద్దు. దిగువ ఇసుకలోకి దిగొద్దు, తలుపులెత్తితే నీళ్ళు చూస్తుండగానే పెరుగుతాయి. రేవు మెట్లకి పాకుడు ఉంటుంది.

తిండి సంగతి: చక్కెరకేళి అరటిపండ్లు, ఇడ్లీ, పెరుగన్నం పెట్టుకెళ్ళండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నా మ్యూజియం అయ్యేదాకా పొట్లం విప్పొద్దు, నేతి చేతులు నేరుగా అద్దాల మీదికే పోతాయి. రాజమండ్రి రోజ్‌మిల్క్ కూడా చివరనే.

ఇంటికొచ్చాక

మర్నాడు పెరట్లో ఇసుకలో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కాలవ తవ్వి, అడ్డంగా నాలుగు ఇటుకలు రెండేసి వేళ్ళ సందుతో నిలబెట్టండి. సందుల్లో తలుపులుగా పాత టైలు ముక్కలు పెట్టండి. అట్ట పెడితే నానిపోతుంది. ఎగువన బకెట్టుడు నీళ్ళు పోయండి. కాసేపటికే ఇటుకల కిందనుంచి నీరు ఊరుతుంది, ఇసుక కొట్టుకుపోయి ఇటుక ఒరిగిపోతుంది. సరిచేయడానికి తొందరపడకండి, ఎక్కడ పోయిందో వాళ్ళనే చూడనివ్వండి.

గోదావరి అడుగున ఉన్నదీ ఇసుకే. కాటన్ ఇసుకలో బావులు దించి వాటి మీద పునాది వేయించాడు, దిగువన నీళ్ళు పడేచోట రాళ్ళు పరిపించాడు. ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో కావేరి మీద ఎప్పటిదో పాత ఆనకట్ట చూసి నేర్చుకున్నాడు. పిల్లలూ అదే చేయొచ్చు: అడుగు, మూత రెండూ కోసేసిన చిన్న డబ్బాలు నాలుగు ఇసుకలో పూర్తిగా దించి, లోపల జిగురుమట్టి కూరి, పైన ఇటుకలు నిలపాలి, దిగువన గులకరాళ్ళు పరవాలి. కోసిన డబ్బా అంచులు చేతులు కోస్తాయి, ముందే సుత్తితో మడిచివ్వండి. ఈసారి ఇటుకలు చాలాసేపు నిలబడతాయి. ఇంకా ఊరుతుంటే డబ్బాల మధ్య సందు ఎక్కువైందన్నమాట, దగ్గరికి జరిపి మళ్ళీ మట్టి కూరండి. ఆట అయ్యాక గుంట పూడ్చేయండి, నీళ్ళు నిలవుంటే దోమలు.