ఆన్‌లైన్‌లో పదిమంది కలిసి గజేంద్ర మోక్షం చదవాలంటే

పోతన భాగవతం మొత్తం చదివేద్దామని ఉత్సాహంగా మొదలుపెట్టి, ప్రథమ స్కంధం దాటకుండానే ఆగిపోవడం మామూలుగా జరిగేదే. 12 స్కంధాలూ ఒకేసారి నెత్తికెత్తుకోకండి. ఎనిమిదో స్కంధంలోని గజేంద్ర మోక్షం పట్టుకోండి. పద్యాలూ, మధ్యలో వచ్చే వచనాలూ కలిపి వందకు పైచిలుకు ఉంటాయి. వారానికి 8 నుంచి 10 చొప్పున మూడు నెలల్లో పూర్తవుతుంది. కథ అందరికీ తెలుసు, రెండు మూడు పద్యాలు బళ్ళోనే నోటికి వచ్చి ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళు బెదరరు. గ్రూపు నిలబడితే అదే స్కంధంలో వామన చరిత్ర ఉంది, తర్వాత అటు వెళ్ళొచ్చు.

మాట్లాడేవాళ్ళు 8 నుంచి 12 మంది ఉంటే చాలు. అంతకు మించితే ఒక్కొక్కరికి వంతు వచ్చేసరికి సమయం అయిపోతుంది. వినడానికి ఎంతమంది వచ్చినా ఇబ్బంది లేదు. విదేశాల్లో ఉన్నవాళ్ళు కూడా చేరితే ఆదివారం రాత్రి 8:30 మంచి వేళ. మనకి అది రాత్రి భోజనాల సమయమే అయినా, లండన్‌లో మధ్యాహ్నం 3 లేదా 4, న్యూయార్క్‌లో ఉదయం 10 లేదా 11, కాలిఫోర్నియాలో ఉదయం 7 లేదా 8 అవుతుంది. ఎండాకాలానికీ చలికాలానికీ అక్కడ గడియారాలు గంట మారతాయి. అమెరికాలో మార్చి, నవంబరుల్లో మారితే, బ్రిటన్‌లో మార్చి, అక్టోబరుల్లో మారతాయి. భారత సమయం ఒక్కటే ఖాయంగా పెట్టుకుని, ఎవరి లెక్క వాళ్ళని చూసుకోమనండి. అందరికీ సర్దబోతే మారిన వారం సగం మంది గంట ముందో వెనకో వస్తారు.

మొదటి వారానికి ముందే పాఠం తేల్చుకోవాలి. అందరి దగ్గరా ఒకే ప్రతి ఉండాలి. పద్యాల సంఖ్యలు ఒక ముద్రణకీ ఇంకో ముద్రణకీ కలవవు కాబట్టి ‘90వ పద్యం తీయండి’ అంటే నలుగురు నాలుగు చోట్ల ఉంటారు. ‘లావొక్కింతయు’ అని ఎత్తుగడ, అంటే పద్యం మొదటి మాట, చెప్పండి, ఎవరూ తప్పిపోరు. స్కాన్ చేసిన పుస్తకంలో మాట వెతకడం కుదరదు. యూనికోడ్ కాని పాత ‘అను’ (Anu) ఫాంట్లలో ఉన్న పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్ పాఠం, అంటే ఏ ఫోనులోనైనా వెతకడానికీ కాపీ చేయడానికీ వీలైనది, సంపాదించి, ఆ వారం పద్యాలు గురువారానికల్లా గ్రూపులో పెట్టాలి. పైన ఎత్తుగడని అరసున్నలు లేకుండా ఒక వరుసలో రాయండి. ‘జెప్పఁడు’ అని ఉన్నదాన్ని ‘జెప్పడు’ అని వెతికితే ఫోను పట్టుకోకపోవచ్చు. రెండు నెలల తర్వాత పాత చర్చ వెతికేటప్పుడు ఆ ఒక్క వరుసే ఆదుకుంటుంది.

వారానికి పది తీసుకున్నా, లోతుగా చదివేది మూడే. మిగతావి గొంతెత్తి చదివి, తాత్పర్యం రెండు మాటల్లో చెప్పుకుని సాగిపోవాలి. ముఖ్యంగా త్రికూట పర్వతాన్ని వర్ణించే వచనాల దగ్గర జాగ్రత్త. చెట్ల పేర్లు, జంతువుల పేర్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కో పేరుకీ నిఘంటువు తీస్తే రెండో వారానికే జనం పలచబడతారు. ఆ వచనం నడకలో ఉన్న ఊపు చెవికి అందితే చాలు.

లోతుగా చదివే ఒక్కో పద్యానికీ ఒకరు బాధ్యులు. వాళ్ళ పని ఉపన్యాసం ఇవ్వడం కాదు. పద్యాన్ని విడదీసి, తెలియని మాటల అర్థాలు, తమకి తెగని ఒక సందేహం శనివారం రాత్రికి రాసి పెట్టడం, అంతే. ఆంధ్రభారతి నిఘంటు శోధనలో శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌణ్యం (బ్రౌన్ నిఘంటువు) అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

నిఘంటువులో మాట దొరకలేదంటే చాలాసార్లు తప్పు మనదే. ‘సిరికిం జెప్పఁడు’ పద్యం చూడండి. ‘పరివారంబును జీరఁడు’ అని ఉంది. ‘జీరు’ అని వెతికితే ఇక్కడికి సరిపడే అర్థం దొరకదు, ఒకరు ‘గొంతు జీర’ అంటారు, ఇంకొకరు చీర అంటారు. నిజానికి అది ‘చీరఁడు’. చీరు అంటే పిలుచు. ముందున్న మాట చివర ద్రుతం, అంటే నకారం, ఉంటే తర్వాతి క చ ట త ప లు గ జ డ ద బ లవుతాయి. సిరికిన్, చెప్పఁడు కలిసి ‘సిరికిం జెప్పఁడు’ అయినట్టే ఇదీ. కాబట్టి గ జ డ ద బ లతో మొదలైన మాట దొరక్కపోతే, క చ ట త ప లతో మళ్ళీ వెతకండి. ఈ ఒక్క సూత్రం మొదటి వారమే అందరికీ చెబితే సగం చిక్కులు విడిపోతాయి.

అన్వయానికి, అంటే మాటల్ని అర్థం కుదిరే వరుసలో పెట్టడానికి, ముందు క్రియలు ఏరాలి. ఇదే పద్యంలో అలా ఏరితే చెప్పఁడు, సంధింపఁడు, చీరఁడు, పన్నింపఁడు, చక్కనొత్తఁడు, వీడఁడు అని ఆరు దొరుకుతాయి. ఆరూ ‘చేయడు’ అనేవే. విష్ణువు లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెవుల మీదకి జారిన జుట్టు సర్దుకోడు, లక్ష్మి పైట కొంగు కూడా వదలడు. చివర ‘గజప్రాణావనోత్సాహియై’, అంటే ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహంతో అని కారణం ఉంది. బయల్దేరాడు, పరుగెత్తాడు అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు. అయినా చదివేవాడికి ఆయన పరుగే కనిపిస్తుంది. ఇది ఎవరో చెబితే వినడం వేరు, పదిమంది కలిసి క్రియలు ఏరుతూ తామే కనుక్కోవడం వేరు. గ్రూపుగా చదవడంలో దక్కేది ఇదే. అందుకే పదవిభాగం పూర్తయ్యేదాకా అభిప్రాయాలు రానివ్వకూడదు. ముందే ‘ఎంత అద్భుతం’ అనేస్తే ఇక ఎవరూ మాటల జోలికి పోరు.

సభ 75 నిమిషాలు దాటనివ్వకండి. మొదటి 15 నిమిషాలు ఆ వారం పాఠమంతా వంతులవారీగా చదవడం. తర్వాత మూడు పద్యాలకీ ఒక్కోదానికి 15 నిమిషాలు. మిగిలిన 15 నిమిషాలు మొత్తం మీద చర్చకి. గంట చూసే మనిషి ఒకరు, చర్చ నడిపే మనిషి ఇంకొకరు ఉండాలి. రెండూ ఒకరే చేస్తే రెండూ చెడతాయి.

కలిసి పాడదామని మాత్రం అనుకోవద్దు. ఇంటర్నెట్‌లో గొంతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, కోరస్ కుదరదు. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు మైకు ఆపాలి. రాగం తీస్తే జూమ్ దాన్ని చప్పుడు అనుకుని కోసేస్తుంది. పాడేవాళ్ళు సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకోవాలి. లేదంటే ముందే వాయిస్ మెసేజ్ పంపితే ఇంకా మేలు, పద్యం పలకడం రానివాళ్ళు పదిసార్లు విని నేర్చుకుంటారు.

ఛందస్సుకి పద్యానికి రెండు నిమిషాలు చాలు. ‘నీరాట వనాటములకు’ అన్న కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘రా’, వెంటనే ‘ట’ ఎలా పడ్డాయో చూపిస్తే ప్రాస అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు. నీరాటం అంటే నీటి ఆట అనుకునేవాళ్ళుంటారు. అది నీటిలో తిరిగేది, అంటే మొసలి. వనాటం అడవిలో తిరిగే ఏనుగు.

చర్చకి పెట్టే ప్రశ్నకి జవాబు పాఠంలో వెతికి చూపగలిగేలా ఉండాలి. ‘ఈ పద్యం నుంచి మనం ఏం నేర్చుకోవాలి?’ అంటే నీతిబోధ మొదలవుతుంది. బదులుగా ఇలా అడగండి: సంస్కృత భాగవతంలో విష్ణువు చక్రం పట్టుకుని గరుత్మంతుడి మీదే వస్తాడు; పోతన ఆ రెంటినీ కాదని ఎందుకు రాశాడు? పన్నింపఁడు అన్నాక, కాస్త ముందుకెళితే ‘తనవెంటన్ సిరి’ పద్యంలో పక్షీంద్రుడూ (గరుత్మంతుడే) శంఖచక్రాలూ ఎలా వచ్చాయి? వెనకాల ఎవరి వరుస ఏమిటి? ఇలాంటి ప్రశ్నకి ప్రతివాళ్ళూ మళ్ళీ పద్యంలోకి వెళ్ళక తప్పదు.

భక్తితో చదివేవాళ్ళూ కవిత్వం కోసం వచ్చేవాళ్ళూ ఒకే గ్రూపులో ఉంటారు. దేవుడున్నాడా లేడా అన్న వాదన ఇక్కడ వద్దని మొదటిరోజే చెప్పాలి. ఎవరి నమ్మకం వాళ్ళది, పద్యం అందరిదీ. బాగా చదువుకున్న పెద్దవారు ఉంటే వారిని చివర మాట్లాడమని గౌరవంగా అడగండి. మొదటే వారు అర్థం చెప్పేస్తే మిగతావాళ్ళు నోరు విప్పరు. గుడ్ మార్నింగులూ, ఫార్వర్డులూ వేరే గ్రూపులో పెట్టించండి.

రాలేనివాళ్ళ కోసం వీడియో పెట్టడం కన్నా పద్యానికి ఒక పేజీ చొప్పున పదవిభాగం, అర్థాలు, తెగని సందేహాలు రాసి ఉంచడం మంచిది. గంటంపావు వీడియో వెనక్కి వెళ్ళి చూసే తీరిక ఉండేది తక్కువమందికే. చివరి వారం కొత్త పాఠం ఏమీ పెట్టకండి. నీరాట దగ్గర్నుంచి ఫలశ్రుతి దాకా వ్యాఖ్యానం లేకుండా వంతులవారీగా చదవండి. గంటన్నర పెట్టుకుంటే సరిపోతుంది. ‘లావొక్కింతయు’ ఎవరికి ఇవ్వాలన్న పోటీ వస్తుంది, చీటీలు వేయండి.