రస్సెల్ లాటపీ కెరీర్‌ను సరిగ్గా చూడటం ఎలా

ట్రినిడాడ్ అనగానే మనకు బ్రయాన్ లారా గుర్తొస్తాడు. ఫుట్‌బాల్ చూసేవాళ్లకైతే డ్వైట్ యార్క్. ఆ ఇద్దరికీ దగ్గరి స్నేహితుడు, లారా కన్నా తొమ్మిది నెలలు పెద్దవాడు, సొంత దేశంలో జనం 'లిటిల్ మెజీషియన్' అని ముద్దుగా పిలుచుకున్న మిడ్‌ఫీల్డర్ రస్సెల్ లాటపీ. మన దగ్గర ఈ పేరు తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినా చాలామంది చేసే పని ఒకటే: వరల్డ్ కప్ రికార్డు తీస్తారు, 2006లో ఒకే ఒక్క మ్యాచ్, అదీ పరాగ్వేపై సబ్‌స్టిట్యూట్‌గా, జట్టు 2-0తో ఓటమి, అప్పటికి అతనికి 37 ఏళ్లు అని చదివి పేజీ మూసేస్తారు. నేనూ మొదట అలాగే మూసేశాను. అలా చూస్తే ఈ మనిషి ఎప్పటికీ అర్థం కాడు. ఒక శని, ఆదివారాలు తీరిక ఉంటే ఎలా చూడాలో చెప్తాను.

మొదలుపెట్టాల్సింది 2006 నుంచి కాదు, 1989 నవంబర్ 19 నుంచి. ఆ రోజు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో అమెరికాతో మ్యాచ్. డ్రా చేసుకుంటే చాలు, ట్రినిడాడ్ అండ్ టొబాగో మొదటిసారి వరల్డ్ కప్‌కు వెళ్తుంది. స్టేడియం మొత్తం ఎరుపు. గాలీ కమింగ్స్ కోచ్‌గా ఉన్న ఆ జట్టును 'స్ట్రైక్ స్క్వాడ్' అనేవాళ్లు. అందులో లాటపీకి 21 ఏళ్లు, యార్క్‌కు 18 నిండి రెండు వారాలు. అమెరికా ఆటగాడు పాల్ కాలిజ్యూరీ దూరం నుంచి ఎడమకాలితో కొట్టిన బంతి లోపల పడింది. 1-0. అంతే, అయిపోయింది. అంత దెబ్బ తిన్నా ఆ ప్రేక్షకులు ప్రవర్తించిన తీరుకు ఫిఫా ఆ ఏడాది ఫెయిర్ ప్లే అవార్డు వాళ్లకే ఇచ్చింది. ఈ మ్యాచ్ వీడియో దొరికితే హైలైట్స్‌తో సరిపెట్టుకోకండి, ఎంత దొరికితే అంతా చూడండి. తర్వాతి ఇరవై ఏళ్లకు ఇదే మూలం.

ఇక మిడ్‌ఫీల్డర్‌ను వీడియోలో చూసే పద్ధతి. పాత ప్రసారాల్లో కెమెరా బంతి వెంటే పరిగెడుతుంది, మన కళ్లూ దాని వెంటే పోతాయి. అందుకే కామెంటరీ సౌండ్ తీసేయండి. లాటపీకి బంతి అందిన ప్రతిసారీ ఐదు సెకన్లు వెనక్కి తిప్పి మళ్లీ చూడండి, ఈసారి కాళ్లు కాదు, మెడ చూడండి. బంతి ఇంకా దారిలో ఉండగానే తల ఎటు తిప్పాడు, భుజం మీదుగా ఎవరిని చూసుకున్నాడు, బంతి రాగానే ఒళ్లు ఏ వైపు తెరిచి నిలబడ్డాడు? తనకన్నా పొడుగ్గా, బరువుగా ఉన్న డిఫెండర్ల మధ్య ఇంత పొట్టి మనిషి ఎలా బతికాడో అక్కడ కనిపిస్తుంది. ఒక పాస్‌ను నాలుగైదు సార్లు తిప్పి చూడటం మొదట విసుగ్గానే ఉంటుంది కానీ అరగంట పోయాక మానబుద్ధి కాదు.

ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీసి, ఎడమవైపు క్లబ్బులు, కుడివైపు దేశం, ఏళ్లవారీగా ఎదురెదురుగా రాసుకోండి. రెండూ కలిపి ఒకే వరుసలో రాస్తే ఎక్కడ దూరమయ్యాడో, ఎక్కడ తిరిగొచ్చాడో తెలియదు.

ఎడమవైపు పోర్చుగల్‌తో మొదలవుతుంది. 1990లో కోయింబ్రాలోని అకాడెమికాకు వెళ్లాడు. అది విద్యార్థుల క్లబ్‌గా పేరున్నది, అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది. నాలుగేళ్లు అక్కడే. 1994లో పోర్టో. బాబీ రాబ్సన్ కోచ్, వచ్చిన రెండు సీజన్లలోనూ లీగ్ టైటిల్. తర్వాత బోవిస్తా, 1997లో పోర్చుగీస్ కప్. కరీబియన్ నుంచి వచ్చిన కుర్రాడు రెండో డివిజన్ నుంచి దేశ చాంపియన్ జట్టు దాకా మెట్టు మెట్టుగా ఎక్కడం చిన్న సంగతి కాదు, అందుకే ఇక్కడ గోల్స్ లెక్క కన్నా ఏ ఏడాది ఏ డివిజన్ అన్నది పక్కన తప్పకుండా రాసుకోండి.

స్కాట్లండ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1998లో అతను వెళ్లేసరికి ఎడిన్‌బరోలోని హైబర్నియన్ కింది డివిజన్‌కు పడిపోయి ఉంది. అలెక్స్ మెక్లీష్ మేనేజర్. ఆ సీజన్‌లోనే గెలిచి పైకి వచ్చింది, 2000-01లో మూడో స్థానం దాకా వెళ్లింది. ఒక్క మ్యాచ్ చూసే టైమే ఉందంటే 2000 అక్టోబర్ 22న హార్ట్స్‌పై జరిగిన ఎడిన్‌బరో డెర్బీ (ఒకే ఊరి రెండు క్లబ్బుల పోటీ) చూడండి, హైబర్నియన్ 6-2తో గెలిచింది. మిక్సు పాటెలైనెన్ హ్యాట్రిక్ కొట్టాడు, లాటపీది ఒక గోల్. లిస్టులో అతని పేరున ఆ ఒక్క గోలే కనిపిస్తుంది. మీరు మాత్రం మిగతా గోల్స్‌కు ముందు బంతి ఎవరి కాళ్ల మీదుగా ఎలా నడిచిందో వెనక్కి తిప్పుకుంటూ చూడండి.

ఇష్టమైన ఆటగాడని మచ్చను దాటేయకూడదు. 2001 మేలో స్కాటిష్ కప్ ఫైనల్‌కు ముందు క్రమశిక్షణ తప్పాడని మెక్లీష్ అతన్ని పక్కన పెట్టాడు. సెల్టిక్ చేతిలో ఓడిన ఆ ఫైనల్లో లాటపీ లేడు, మళ్లీ ఆ క్లబ్‌కు ఆడనూ లేదు. గ్లాస్గో క్లబ్ రేంజర్స్‌కు వెళ్లాడు. ఆ డిసెంబర్‌లో అదే మెక్లీష్ అక్కడికే మేనేజర్‌గా వచ్చాడు. ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో మొదటి రోజు ఎలా గడిచి ఉంటుందో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2003లో ఫాల్కిర్క్ చేరేసరికి 35 ఏళ్లు. అందరూ అయిపోయాడనుకునే వయసు. 2005లో ఆ జట్టు పై డివిజన్‌కు ఎక్కింది. ఇప్పుడు కాగితంలో కుడివైపు చూడండి. కొన్నేళ్లుగా జాతీయ జట్టుకు దూరంగా ఉన్నవాడు, డచ్ కోచ్ లియో బీన్‌హాకర్ వచ్చాక మళ్లీ కనిపిస్తాడు. 2005 నవంబర్ 16న బహ్రెయిన్‌లో యార్క్ కార్నర్ వేస్తే డెనిస్ లారెన్స్ తలతో కొట్టి దేశాన్ని వరల్డ్ కప్‌కు చేర్చాడు. 1989 దెబ్బకు మూడు రోజులు తక్కువ పదహారేళ్లు. సుమారు 13 లక్షల జనాభా, అప్పటికి వరల్డ్ కప్‌కు వెళ్లిన దేశాల్లో అదే చిన్నది. పరాగ్వేపై ఆ కొద్ది నిమిషాలు ఇప్పుడు చూడండి. మొదట రికార్డులో చూసిన మ్యాచే, కానీ అతను లైను దాటి లోపలికి అడుగుపెడుతుంటే నాకు గొంతు పట్టేసింది.

ఒక జాగ్రత్త: దేశానికి ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నది ఒక్కో జాబితాలో ఒక్కోలా ఉంటుంది. పాత కరీబియన్ మ్యాచ్‌లను కొందరు లెక్కేస్తారు, కొందరు వెయ్యరు. ఆ అంకెతో వాదనకు దిగకండి, తేదీ, ప్రత్యర్థి, స్కోరు ఉన్న మ్యాచ్‌లనే నమ్మండి. వీడియోలు వెతికేటప్పుడు కూడా ఉత్త పేరుతో కాకుండా క్లబ్, సంవత్సరం కలిపి కొడితే త్వరగా దొరుకుతాయి. ఆట మానేశాక ట్రినిడాడ్‌కు, బార్బడోస్‌కు కోచ్‌గా చేశాడు, అది ఇంకో కాగితానికి సరిపడా కథ.

చివరికి అట్టిపెట్టుకోవాల్సిన మ్యాచ్ 2008 అక్టోబర్ 15ది. మళ్లీ పోర్ట్ ఆఫ్ స్పెయిన్, మళ్లీ వరల్డ్ కప్ క్వాలిఫయర్, మళ్లీ అమెరికా. పంతొమ్మిదేళ్లకు నెల తక్కువ. ట్రినిడాడ్ 2-1తో గెలిచింది. రెండు గోల్స్‌లో ఒకటి యార్క్ పెనాల్టీ. అంతకన్నా ముందు పడిన మొదటి గోల్ లాటపీది, అప్పటికి అతనికి 40 ఏళ్లు.