టీమ్ ప్రాజెక్ట్ పాఠాలు – 4: కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఎవరిని అడగాలి?

పోయిన పాఠంలో ప్రాజెక్ట్ పనిని ఐదుగురూ పంచుకుని, గిట్‌లో (కోడ్ మార్పుల్ని గుర్తుపెట్టుకునే సాధనం) ఎవరి బ్రాంచ్ (కోడ్‌కి విడి నకలు లాంటిది) వాళ్ళు తీసుకోమన్నాను. తీసుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలు ఎవరి బ్రాంచ్‌లో వాళ్ళు ఉండిపోయి, రివ్యూకి ముందురోజు రాత్రి అన్నీ ఒకేసారి మెయిన్‌లో, అంటే అందరి ఉమ్మడి కోడ్‌లో, కలపబోయారు. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం టీమ్‌లు పంపినవన్నీ కూర్చుని చూశాను. ఊరు వేరైనా కథ ఒక్కటే: తెల్లారేదాకా కాన్‌ఫ్లిక్టులు (ఒకే వరుసను ఇద్దరు వేర్వేరుగా మారిస్తే ఏది ఉంచాలో తేలక గిట్ ఆగిపోవడం), చివరికి విసిగిపోయి ఎవరిదో ఒకరి కోడ్ మొత్తంగా తీసేయడం, పొద్దున డెమోలో ఆ ఒకరి ముఖం వాడిపోవడం. ఇందులో నా తప్పు ఉంది. విడిపోవడం ఎలాగో చెప్పాను, మళ్ళీ ఎప్పుడు కలవాలో చెప్పలేదు. అందుకే ఈ వారం రావాల్సిన టెస్టింగ్ పాఠాన్ని వెనక్కి జరిపాను.

బ్రాంచ్ తీయడం, కమిట్ చేయడం (మార్పును గిట్‌లో నమోదు చేయడం) మళ్ళీ చెప్పను. అవి మీకు వచ్చు.

ముందుగా ఒక నియమం. ఏ బ్రాంచ్ అయినా రెండు రోజులకు మించి బతకకూడదు. పొద్దున క్లాసుకు వెళ్ళేముందు మెయిన్‌ని మీ బ్రాంచ్‌లోకి లాక్కోండి. సాయంత్రం ఆ రోజు పూర్తయిన ముక్కను, అది ఎంత చిన్నదైనా సరే, మెయిన్‌కి పంపండి. నేనైతే రాత్రి భోజనానికి లేచేలోపు పంపేస్తాను. సగం పనిచేసేది పంపడానికి మొహమాటం అంటారు చాలామంది. స్క్రీన్ మీద బటన్ కనపడకుండా దాచి పంపండి, ఎవరూ ఏమీ అనరు.

ఐదుగురు ఉన్న టీమ్‌లో మాట్లాడుకోవాల్సిన జంటలు పది. ఆరో మనిషిని చేర్చుకుంటే పదిహేను. మనుషులు పెరిగితే మాటల బరువు అంతకన్నా వేగంగా పెరుగుతుందని సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు. మీ కాన్‌ఫ్లిక్టులన్నీ ఆ పది జంటల్లో ఏదో ఒక జంట మాట్లాడుకోని చోటే పుట్టాయి.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టిన సంగతికి వస్తాను. ఒక టీమ్ హాస్టల్ మెస్ బిల్లు ప్రాజెక్ట్ చేస్తోంది. మొదట్లో లెక్క తేలిక: బిల్లు = రోజులు × రేటు. నెలకు 30 రోజులు, రోజుకు 80 రూపాయలు, మొత్తం 2,400. ఆ ఒక్క వరుసనే ఇద్దరు మార్చారు. అమ్మాయి సెలవులు తీసేసింది: (రోజులు – సెలవులు) × రేటు. అబ్బాయి అతిథి భోజనాలు కలిపాడు: రోజులు × రేటు + అతిథి భోజనాలు × 50. మెర్జ్ చేస్తుంటే, అంటే రెండు బ్రాంచ్‌లు కలుపుతుంటే, కోడ్ రాసుకునే విఎస్ కోడ్ ఆపి మూడు దారులు చూపించింది: యాక్సెప్ట్ కరెంట్ (ఇప్పుడున్న బ్రాంచ్‌లోది ఉంచు), యాక్సెప్ట్ ఇన్‌కమింగ్ (వచ్చి కలిసేది ఉంచు), యాక్సెప్ట్ బోత్ (రెండూ ఉంచు). ఇద్దరిదీ ఉంటే గొడవే ఉండదని మూడోది నొక్కారు.

కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వేయండి. ఒక విద్యార్థి 4 రోజులు ఊరెళ్ళాడు, 3 అతిథి భోజనాలు పెట్టించాడు. అమ్మాయి వరుస ప్రకారం 26 × 80, అంటే 2,080. అబ్బాయి వరుస ప్రకారం 2,400 + 150, అంటే 2,550. రావాల్సింది 2,080 + 150, అంటే 2,230. మరి బోత్ నొక్కితే? రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి చేరతాయి. ముందు బిల్లు 2,080 అవుతుంది, వెంటనే కింది వరుస దాన్ని చెరిపేసి 2,550 రాస్తుంది. ఎర్రర్ రాదు. ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది. ఆ విద్యార్థి 320 రూపాయలు ఎక్కువ కడతాడు. రావాల్సిన వరుస ఆ మూడు బటన్లలో దేనికిందా లేదు. ఇద్దరూ కూర్చుని చేత్తో రాయాల్సిన నాలుగో వరుస అది.

అందుకే బటన్ జోలికి పోకముందు ఆ వరుస మార్చిన మనిషి దగ్గరికి వెళ్ళండి. ఎవరు మార్చారో గిట్ బ్లేమ్ అనే కమాండ్ చెబుతుంది. "ఇది ఎందుకు మార్చావు?" అని అడగండి, అంతే. గందరగోళమైతే గిట్ మెర్జ్ --అబార్ట్ కొడితే మెర్జ్‌కి ముందున్న చోటికి వెనక్కి వస్తారు, భయం లేదు. రీబేస్ (మన కమిట్లను ఇంకో బ్రాంచ్ చివర తిరిగి పేర్చడం) మాత్రం ఈ సెమిస్టర్‌లో వద్దు. అందులో మనది, వాళ్ళది అనే పేర్లు తారుమారవుతాయి, కొత్తవాళ్ళు అక్కడే మోసపోతారు.

ఇంతవరకు గిట్ పట్టుకుంది. అది పట్టుకోలేనిది ఇంకొకటి ఉంది, అది తెలుగు, ఒడియా కలిసే మన సరిహద్దు ఊళ్ళలోనే ఎక్కువ. అదే టీమ్‌లో హాజరు ఫైల్ రాసింది ఒడియా మిత్రుడు. సెలవు రోజులకు అతను పెట్టిన పేరు ఛుటి. బిల్లు ఫైల్‌లో మన అమ్మాయి పెట్టింది సెలవు. హాజరు ఫైల్ ముప్ఫైలోంచి నాలుగు తీసేసి 26 పంపింది. పేర్లు వేరు కావడంతో రెండూ ఒకటేనని ఎవరికీ తట్టలేదు, బిల్లు ఫైల్ మళ్ళీ నాలుగు తీసేసింది. 22 రోజులకే బిల్లు. ఫైళ్ళు వేరు కాబట్టి గిట్ నోరు మెదపలేదు. అది వరుసల్ని చూస్తుంది, వాటి అర్థం దానికి తెలియదు. ఈసారి 320 రూపాయలు మెస్‌కి నష్టం.

పేర్లు మీకు అర్థమయ్యే మాటల్లో పెట్టుకోమన్నది నేనే. టీమ్‌లో అందరికీ అర్థం కావాలని అప్పుడే చెప్పాల్సింది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. పక్కవాడి మాట నేర్చుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ప్రాజెక్ట్‌లో పేర్ల పట్టీ అని ఒక ఫైల్ పెట్టండి. ప్రతి పేరుకూ ఒక వరుస: కోడ్‌లో పేరు, తెలుగులో అర్థం, ఒడియాలో అర్థం, ఆ లెక్క ఏ ఫైల్‌లో జరుగుతుందో. కోడ్‌లో పేరు వరకు ఇంగ్లీషు మాటే నాకిష్టం, అది ఎవరి ఇంటి భాషా కాదు కనుక ఎవరూ నొచ్చుకోరు.

అభ్యాసం. ఆదివారంలోగా మీ టీమ్‌లోని పది జంటలూ తలా ఒక కాన్‌ఫ్లిక్ట్ కావాలని తెచ్చుకోవాలి. ఇద్దరూ ఒకే ఫైల్‌లో ఒకే వరుస మార్చండి, కలపండి, ఒక్క లాప్‌టాప్ ముందు కూర్చోండి. ఒకరి చేతిలో కీబోర్డ్, రెండోవాళ్ళు తమ మార్పు ఎందుకో నోటితో చెప్పాలి. కలిపాక పైన చేసినట్టు అంకెలు వేసి కాగితం మీద సరిచూడండి. ఇద్దరి కారణాలూ కమిట్ మెసేజ్‌లో రాయండి. శని, ఆదివారాలు పాతపట్నమో ఇచ్ఛాపురమో ఇంటికెళ్ళేవాళ్ళు ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేయొచ్చు. పది మెర్జ్ కమిట్లూ మెయిన్‌లో కనపడాలి. వాట్సాప్‌లో జిప్ ఫైల్ పంపితే తెరవను.